రెండో శనివారం సభలో మా పిన్ని

మొన్న మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చబోతుంటే ఫోను మోగింది. అవతల ఎవరో అమ్మాయి. నేను లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైన లా కాలేజీలోనే ఇప్పుడు చదువుతోందట. కాలేజీలో నెలనెలా జరిగే ఉపన్యాసాల పాత ఫోటోలన్నీ పోగేసి పిల్లలు పుస్తకం వేస్తున్నారట. "మేడం, మీకు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాను చూడండి. హాల్లో అందరూ కూర్చునుంటే చివరి వరసలో ఒక పెద్దావిడ నిలబడి మాట్లాడుతున్నారు. స్టేజీ మీదవాళ్ళు కూడా ఆవిడ వంకే చూస్తున్నారు. ఆవిడ ఏ యూనివర్సిటీ ప్రొఫెసరండీ? ఫోటో కింద పేరు వెయ్యాలి" అంది. కళ్ళజోడు వెతుక్కుని ఫోటో చూశాను. చూసి, ఫోన్లో ఆ పిల్ల ఉందన్న సంగతి కూడా మరిచిపోయి పడీపడీ నవ్వాను. "ప్రొఫెసరూ కాదు, పాడూ కాదు తల్లీ, ఆవిడ మా పిన్ని. ప్రత్తిపాడు అవతల మిరప చేను చేస్తుంది" అన్నాను. అమ్మాయి కాస్త నిరాశపడ్డట్టుంది. "అయితే 'సభకు హాజరైన మహిళ' అని వేసెయ్యమంటారా?" అంది. నాకు ఒళ్ళు మండింది. హాజరైన మహిళ ఏమిటి నా మొహం! ఆవిడ లేకపోతే ఇవాళ మీకు పుస్తకం వెయ్యడానికి ఉపన్యాసాలే ఉండేవి కావు, నువ్వేం రాయకు, నేనే రెండు ముక్కలు రాసి పంపిస్తానన్నాను. రెండు ముక్కలనే కూర్చున్నాను గానీ, నా సంగతి నాకు తెలుసు. నేను మొదలుపెడితే రెండు ముక్కలతో ఆగదు.

ముందు ఆ ఉపన్యాసాల గురించి చెప్పాలి. గుంటూరులో మా కాలేజీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. నేను చేరినప్పుడే ఒక నియమం ఉండేది. ప్రతి రెండో శనివారం సాయంత్రం బయటి నుంచి ఒక పెద్దమనిషిని పిలిచి చట్టం గురించి మాట్లాడించాలి, ఊళ్ళోవాళ్ళెవరైనా వచ్చి వినొచ్చు, తర్వాత చర్చ. బ్యానరు మీద "ప్రజా ఉపన్యాసం" అని వేసేవాళ్ళం. ఉపన్యాసం ఉండేది, ప్రజలే ఉండేవాళ్ళు కాదు. హాజరు వేస్తామంటే వచ్చిన విద్యార్థులు, ముందు వరసలో నలుగురైదుగురు సీనియర్ ప్లీడర్లు, సమోసా, టీ వచ్చేదాకా ఓపిగ్గా కునికే రిటైర్డ్ ఉద్యోగులు, అంతే. పేరుకి నేను లైబ్రేరియన్ని. శాలువా కొనడం, దండ తేవడం, మైకు అతన్ని బతిమాలడం, వక్తగారికి షుగరుందో లేదో ముందే కనుక్కోవడం, ఇవన్నీ నా నెత్తినే. మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే ఇంకో తద్దినం. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిందా, హాలు హాలంతా తుమ్ములే. ఒకసారి ఉత్తరాది నుంచి వచ్చిన ఒక పండితుడు రాజ్యాంగ పీఠిక గురించి మాట్లాడుతూ ధారాపాతంగా కన్నీళ్ళు కార్చాడు. ఆయన దేశభక్తికి మా ప్రిన్సిపాల్ గారు కరిగిపోయి ఇంకో శాలువా కప్పారు. నేను పక్క గదిలోకి తీసుకెళ్ళి మొహం మీద నీళ్ళు కొట్టించేదాకా పాపం ఆయనకి ఏమవుతోందో ఆయనకే తెలియదు. ఈ ఊరివాళ్ళం మాకు అలవాటే గానీ, పరాయివాళ్ళకి మా గాలి కూడా కారమే.

చర్చ అన్నాను కదా, దాని సంగతి ఇంకా విచిత్రం. మొదట్లో ఎవరికి తోస్తే వాళ్ళు లేచి అడిగేవాళ్ళు. ఒక పెద్దాయన తన తమ్ముడు కట్టిన ప్రహరీ గోడ గురించి ముప్పావుగంట ప్రశ్న అడిగి, వక్తగారి రైలు తప్పించాడు. ఆ దెబ్బతో ప్రిన్సిపాల్ గారు చీటీల పద్ధతి పెట్టారు. ప్రశ్నలు చీటీల మీద రాసివ్వాలి, వాటిని ఏరి స్టేజీ మీదకి పంపాలి. ఏరే పని నాది. ఈ పనిలో నేను మహా ఘనాపాటీని అనుకునేదాన్ని. స్టేజీ పక్కన చిన్న బల్ల వేసుకుని, రాజ్యాంగం, తీర్పులు, సెక్షన్లు ఉన్న చీటీలు పైకి పంపేదాన్ని. మా అత్తగారు ఇల్లు రాసివ్వడం లేదు, మా వీధిలో కాలవ తియ్యడం లేదు లాంటివన్నీ "సొంత గోడు" కింద కట్టి కాళ్ళ దగ్గరున్న చెత్తబుట్టలో వేసేదాన్ని. చట్టం వేరు, ఏడుపు వేరు అని పిల్లలకి నీతులు కూడా చెప్పేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఇక మా పిన్ని. మా అమ్మకి ఆఖరి చెల్లెలు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మనిషి పొట్టి, గొంతు మాత్రం నాలుగు చేల అవతలికి వినిపిస్తుంది. బాబాయికి మోకాళ్ళు పట్టేశాక రెండెకరాల సేద్యమూ ఆవిడే. చదువు ఐదో తరగతి. ఆ శనివారం బాబాయి మందుల కోసం బ్రాడీపేట వచ్చి, పొద్దున్నే మా ఇంటికి చేరింది. మామూలుగా వస్తే వంటింట్లో పీట లాక్కుని కూర్చుని ఊరి కబుర్లన్నీ విప్పే మనిషి, ఆ రోజు పెట్టింది తిని ఊరికే కూర్చుంది. నాకేమో సభ హడావుడి. హైదరాబాదు నుంచి రిటైర్డ్ జడ్జిగారు వస్తున్నారు. ఇంట్లో ఒక్కదాన్నీ ఎందుకు వదలడమని పిన్నిని కూడా ఆటో ఎక్కించాను. దారిలో "ఈ ఏడు చేను మోసం చేసిందే అమ్మాయ్" అని ఏదో మొదలుపెట్టింది. నేను ఒక చెవిన ఫోను పెట్టుకుని దండలతనితో పోట్లాడుతున్నాను. "ఊఁ, ఊఁ, చెప్పు పిన్నీ" అంటూనే ఉన్నాను. రెండు మాటలు చెప్పి ఆవిడే ఊరుకుంది. హాల్లో చివరి వరసలో ఫ్యాను కింద కూర్చోబెట్టి, "రెండు గంటల్లో అయిపోద్ది, కాస్త కునుకు తియ్యి" అని చెప్పి నా పని మీద నేను పోయాను.

పిన్ని పక్కన కూర్చున్నది మూడో సంవత్సరం చదివే ఒక అమ్మాయి. చిలకలూరిపేట పిల్ల. వాళ్ళ నాన్న అక్కడ దూది ఏకి పరుపులు కుడతాడు. రోజూ బస్సులో వచ్చి పోయేది, లైబ్రరీ మూసేదాకా కదిలేది కాదు, నేను తాళాల గుత్తి గలగలలాడిస్తే అప్పుడు లేచేది. పేట అమ్మాయి అనే పిలిచేవాళ్ళం అందరం. నేను ఆటోలో వినని కథంతా ఆ పిల్ల అరగంటలో విన్నది. జూలైలో పిన్ని కొత్త రకం మిరప విత్తనం కొని నారు పోసింది. నాటింది. చేను నడుమెత్తు పెరిగింది, పచ్చగా కళకళలాడింది, కాయ మాత్రం లేదు. పూత వచ్చింది వచ్చినట్టు రాలిపోయింది. ఊళ్ళో ఆ విత్తనం వేసిన వాళ్ళందరిదీ అదే గతి. మావాళ్ళ పద్ధతి ఏమిటంటే, చేను పోయిందంటే దాన్ని పదిమంది కళ్ళ ముందు ఉంచుకోరు. చచ్చిన చేను గట్టు మీద పోయేవాళ్ళందరికీ కనపడుతుంటే తలెత్తుకోలేమంటారు. వెంటనే దున్నేస్తారు. అప్పటికే ఏడుగురు దున్నేశారు. పైగా తుపాను వాన పడి పదునొచ్చింది. పదునంటే నల్లరేగడిలో విత్తనం మొలిచేపాటి తడి. అది నాలుగు రోజులుంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆ పదును మీద శనగ చల్లుకుంటే సంక్రాంతి తర్వాతైనా నాలుగు గింజలు ఇంటికొస్తాయి. అందుకని పిన్ని కూడా ఆదివారం పొద్దున ఆరింటికి ట్రాక్టరు మాట్లాడుకుని మరీ గుంటూరొచ్చింది.

జడ్జిగారు బాగానే మాట్లాడారు. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి, తెలుగు హాయిగా ఉంది. దుకాణంలో కొన్న వస్తువు పాడైతే అడిగే హక్కు ఉన్నట్టే విత్తనం మోసం చేస్తే రైతుకీ అడిగే హక్కు ఉందన్నారు. "కానీ మన రైతు చేసే పొరపాటు ఒకటుంది. పోయిన పంటని దున్నేస్తాడు. ఆ చేనే సాక్ష్యం. దాన్ని అధికారులు చూడకముందే చెరిపేస్తే ఏ కోర్టు మాత్రం ఏం చేస్తుంది?" అన్నారు. ప్లీడర్లు తలలు ఊపారు. నేను సమోసాలు లెక్కపెట్టుకుంటున్నాను. చివరి వరసలో మా పిన్ని, పేట అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టేసుకుందట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

చీటీలు వచ్చాయి. ఏరుతున్నాను. ప్రాథమిక విధుల మీద ఒకటి, పైకి. న్యాయమూర్తుల నియామకం మీద ఒకటి, పైకి. తర్వాత చీటీ గుండ్రటి అక్షరాలతో ఉంది. "రేపు పొద్దున ఆరింటికి ట్రాక్టరు వస్తుంది. మిరప చేను దున్నించాలా, వద్దా?" ఇదేదో పిల్లల వేళాకోళం అనుకున్నాను. కాకపోయినా, దున్నకాల సంగతి వ్యవసాయ ఆఫీసులో అడగాలి గానీ లా కాలేజీలో ఏమిటని బుట్టలో పడేశాను. జడ్జిగారు నాలుగు ప్రశ్నలకి జవాబులు చెప్పారు. ప్రిన్సిపాల్ గారు వందన సమర్పణకి లేచి గొంతు సవరించుకున్నారు.

"ఏమయ్యా, నా చీటీ చదవలేదే?"

ఆ గొంతు నాకు బాగా తెలిసిందే. తలెత్తి చూద్దును గదా, చివరి వరసలో చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, చేలో కూలీలని కేకేసేప్పుడు నిలబడ్డట్టే నిలబడి ఉంది మా పిన్ని. హాలంతా గొల్లుమంది. ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. ఆ క్షణంలో నేను ఆవిడ ఎవరో తెలియనట్టు మొహం పక్కకి తిప్పుకున్నాను. ఇన్నేళ్ళ నుంచీ సభలు నడిపిస్తున్న దాన్ని, నా పిన్నే లేచి నా సభ పాడుచేస్తోందని సిగ్గుపడ్డాను. అంతకంటే సిగ్గుపడాల్సింది ముందుందని అప్పటికి నాకు తెలియదు.

జడ్జిగారు చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టారు. నా వైపు తిరిగి, "ఆవిడ చీటీ మీ దగ్గరుందా అమ్మా?" అని అడిగారు. రెండు వందల మంది చూస్తుండగా నేను వంగి, చెత్తబుట్టలో చెయ్యి పెట్టి, ఆ చీటీ వెతికి తీసి, నలిగినదాన్ని వేళ్ళతో సాపుచేసి ఆయన చేతికిచ్చాను. ఆయన పైకి చదివారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"దున్నించకండమ్మా. అధికారులొచ్చి చూసేదాకా ఒక్క మొక్క కూడా కదిలించకండి" అన్నారు.

"ఎన్నాళ్ళకొస్తారయ్యా వాళ్ళు?"

"అర్జీ పెట్టుకున్నాక... పది రోజులు, పదిహేను రోజులు..."

"పది రోజులకి పదునుంటదా? పదును పోతే శనగ మొలవదు. మిరప పోయె, శనగా పోతే మేం ఏం తినాలయ్యా? మీరు చెప్పిందీ నిజమే, నేను చెప్పేదీ నిజమే. రెండు నిజాల మధ్య నా చేనుంది. మీరు పెద్దోళ్ళు, పుస్తకాలు చదివినోళ్ళు. రేపు ఆరింటికల్లా నాకో దారి చెప్పండి."

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ఏదో ఒక మాట చెప్పి తప్పించుకోవచ్చు, మాకు అలాంటివాళ్ళూ తెలుసు. "నిజం చెప్పాలంటే, ఇంతవరకూ నన్నెవరూ రేపటిలోగా జవాబు చెప్పమని అడగలేదమ్మా. నాకు తెలియడం లేదు. అందరం కలిసి ఆలోచిద్దాం" అని స్టేజీ దిగి వచ్చి జనం మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మా కాలేజీలో చర్చ అనేది నేను చూడ్డం అదే మొదలు. కునికే ప్లీడర్లకి నిద్ర మత్తు వదిలింది. సగం చేను దున్ని సగం ఉంచమన్నారొకరు. సగం చూసి అధికారి మొత్తం రాస్తాడా అని ఇంకొకరు ఎగిరారు. వీడియో తియ్యమన్నారు కుర్రాళ్ళు. ఆఫీసరు కాగితం లేని వీడియో ఎవడిక్కావాలని ముందు వరస కసిరింది. సమోసాలు చల్లారిపోయాయి, ఒక్కరూ అటు చూడలేదు. అప్పుడు పేట అమ్మాయి లేచింది. "సార్, ఇక్కడ వాదించుకునే బదులు రేపు పొద్దున చేలో నిలబడి వాదించుకుంటే పోదా అండీ?" అంది. ప్రిన్సిపాల్ గారు కాలేజీ బస్సుకి డీజిలు, అనుమతి, ఆదివారం అంటూ ఏదో నసిగారు. జడ్జిగారు "నేను రేపు సాయంత్రం బండికి పోతాను, పొద్దున మీతో వస్తాను" అనేసరికి ప్రిన్సిపాల్ గారే బస్సు డ్రైవరుకి ఫోను చేశారు.

ఆదివారం ఆరింటికి మేం వెళ్ళేసరికి ట్రాక్టరు గట్టు మీద సిద్ధంగా ఉంది. పదహారుమంది పిల్లలు, కోటు వేసుకున్న ప్రిన్సిపాలు, బూట్లతో జడ్జిగారు బస్సులోంచి దిగడం చూసి డ్రైవరు బెదిరిపోయాడు. "ఏందమ్మా, చేను జప్తు చెయ్యడానికొచ్చారా?" అన్నాడు పిన్నితో. అరగంటలో ఊళ్ళోనూ అదే మాట పాకి, జనం గుంపుగా వచ్చారు. అంత అందమైన చేను నేను చూడలేదు. నడుమెత్తు ముదురాకుపచ్చ, ఆకు మీద మచ్చ లేదు. జడ్జిగారు ఒక సాలు పొడుగునా కొమ్మలెత్తి చూసుకుంటూ పోయారు. చివరికి చేతిలో మూడు గిడసబారిన కాయలతో తిరిగొచ్చి వాటిని ప్రిన్సిపాల్ గారికి చూపించారు. పిన్ని వంగి సాలులోంచి మట్టి తీసింది. పిడికిట్లో నొక్కి, వాసన చూసి, వేళ్ళ మధ్య పొడిచేసి చూసింది. "మంగళారం సందేళ దాకా ఆగుద్ది. బుధారం పొద్దున మాత్రం దున్నేస్తా. ఈలోపు మీ ఆఫీసర్లొస్తే వచ్చినట్టు, లేకపోతే నా ఖర్మ" అంది. ఇంతమంది చదువుకున్నవాళ్ళం రాత్రంతా తల బద్దలు కొట్టుకున్నా తేలని గడువుని ఆవిడ గుప్పెడు మట్టితో తేల్చేసింది. జడ్జిగారు ఆ మాట అర్జీలో రాయించారు. ట్రాక్టరు వెనక్కి పోయింది.

ఆ పొద్దునే ఇంకోటి జరిగింది, అది చెప్పకపోతే నాకు తోచదు. విత్తనం కొన్న రసీదు క్యాలెండరుకి గుచ్చి ఉంది గానీ, ప్యాకెట్లు కావాలన్నారు పిల్లలు, వాటి మీద నంబరు ఉంటుందట. "నారు పోసిన ప్యాకెట్లు ఎవరు దాచుకుంటారే, పారేసుంటా" అని తేల్చేసింది పిన్ని. అందరికీ టీ పెడుతూ డబ్బాలోంచి మెరిసే చిన్న సంచీ తీసి యాలకులు దంచబోయింది. పక్కన గ్లాసులు కడుగుతున్న పేట అమ్మాయి కెవ్వుమంది. తేలు కుట్టిందేమోనని బాబాయి మోకాళ్ళ నొప్పి మరిచిపోయి పరిగెత్తుకొచ్చాడు. ఆ సంచీయే విత్తనం ప్యాకెట్టు. బాగున్నాయి కదా అని పిన్ని శుభ్రంగా దులిపి యాలకులకొకటి, లవంగాలకొకటి, పిన్నీసులకొకటి వాడుకుంటోంది. పదహారు ప్యాకెట్లలో పదకొండు వంటింట్లో దొరికాయి. నంబర్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. సాక్ష్యం అంత ఘుమఘుమలాడుతూ ఉండగా తానెప్పుడూ చూడలేదన్నారు జడ్జిగారు.

సోమవారం వ్యవసాయ ఆఫీసులో అర్జీ తీసుకుని "వారం పది రోజులు పడుతుంది" అన్నారు, ఊహించిందే. పేట అమ్మాయి అక్కడే వరండాలో బల్ల మీద కూర్చుంది. టిఫిను డబ్బా, పుస్తకం తెచ్చుకుంది. ఎవరైనా ఎందుకున్నావమ్మా అంటే, "మంగళవారం సాయంత్రం దాకా టైముంది సార్, కూర్చుంటాను" అనేదట, అంతే. గొడవ లేదు, నినాదాలు లేవు. మధ్యాహ్నానికి ఇంకో నలుగురు పిల్లలు వచ్చి పక్కన కూర్చున్నారు. హైదరాబాదు నుంచి జడ్జిగారు ఫోన్లు చేశారు. ఏనాడూ ఎవరికీ ఎదురుచెప్పని మా ప్రిన్సిపాల్ గారు కూడా స్వయంగా వెళ్ళి, అర్జీలో గడువు రాసిన చోట వేలు పెట్టి చూపించి వచ్చారు.

మంగళవారం నేను సెలవు పెట్టి పిన్ని దగ్గరికి పోయాను. గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. మధ్యాహ్నం అయింది, మూడయింది, జీపు జాడ లేదు. పిన్ని గంటకోసారి మట్టి తీసి నొక్కి చూస్తోంది. ఆవిడ మొహం చూసే ధైర్యం నాకు లేదు. అటు ఆఫీసర్లు రాకా, ఇటు పదును పోయీ రెంటికీ చెడితే? అసలు ఈ కాలేజీవాళ్ళ మాటలు వినకుండా ఉంటే ఆదివారమే శనగ పడిపోయేది కదా? కడుపులో దాచుకోలేక చెప్పేశాను. "పిన్నీ, ఆ చీటీ బుట్టలో వేసింది నేనే. నువ్వు నిలబడితే మొహం కూడా తిప్పుకున్నాను" అన్నాను. ఏడుపొచ్చింది.

"తెలుసులేవే. బుట్టలోంచి తీసేప్పుడు నీ మొహం చూశాగా" అంది పిన్ని, మట్టి దులుపుకుంటూ. "చిన్నప్పుడూ అంతే నువ్వు. వద్దనుకున్న కూర కంచం కింద దాచేదానివి. మీ అమ్మ కంచం ఎత్తితే దొరికిపోయేదానివి." నవ్వింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఐదు దాటాక వచ్చింది జీపు. ఒక ఆఫీసరు, ఆయనతో ఒక శాస్త్రవేత్త. వెనక సీటులో మోకాళ్ళ మీద టిఫిను డబ్బా పెట్టుకుని పేట అమ్మాయి. వాళ్ళు పొద్దు పోతుందేమోనని గబగబా చేలోకి దిగి, అక్కడక్కడా మొక్కలు పీకి, కాయలు లెక్కేసి, కొమ్మలకి చీటీలు కట్టి సంచుల్లో వేసుకున్నారు. శాస్త్రవేత్త కూడా రైతుబిడ్డే అనుకుంటాను, రెండో సాలులోనే ఆగిపోయి "అయ్యయ్యో" అన్నాడు. కాగితాల మీద పిన్ని కూడబలుక్కుని సంతకం పెట్టింది. బుధవారం పొద్దున ఆరింటికి ట్రాక్టరు దిగింది. శనగ పడింది. వారం తిరక్కముందే మొలకెత్తిందని పిన్ని ఫోన్ చేసి అరిచిన అరుపు ఫోను లేకపోయినా గుంటూరుకి వినపడేది.

కేసు మాత్రం అంత తొందరగా మొలకెత్తలేదు. వాయిదా, మళ్ళీ వాయిదా. తీర్పు వచ్చేసరికి పేట అమ్మాయి చదువు ముగించి నల్లకోటు వేసుకుంది. తన మొదటి కేసుల్లో ఇదొకటి. పిన్ని పక్షానే తేలింది, పరిహారం వచ్చింది. ఆ రోజు ఇద్దరూ మా ఇంటికొచ్చి అన్నం తిన్నారు. పిన్ని కన్నీళ్ళు పెట్టుకుంది గానీ సంతోషం పూర్తిగా రాలేదు. ముందే దున్నేసిన ఏడుగురి కోసం పేట అమ్మాయి ఎన్ని గుమ్మాలు తొక్కినా చూపించడానికి చేను లేదు. వాళ్ళలో ఒకాయన దున్నింది ఆ శనివారం పొద్దునే. ఇంకొక్క పూట ఆగి ఉంటే ఆయన చేనూ నిలిచేదని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను.

ఆ పైనెల సభకి ప్రత్తిపాడు వైపు నుంచి రెండు ఆటోల జనం వచ్చారు. ఆ తర్వాత నెల కుర్చీలు చాల్లేదు. పంచెలు, తలపాగాలు, పనిలోంచి నేరుగా వచ్చిన ఆడవాళ్ళు, స్పిన్నింగు మిల్లులో షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు. బ్యానరు మీద రాసుకున్న ప్రజలు ఇన్నాళ్ళకి వచ్చారు. వక్తలకి కూడా భయం పట్టుకుంది, చదువుకుని రావడం మొదలుపెట్టారు. నేనున్నన్నాళ్ళూ పిన్ని ప్రతి రెండో శనివారం హాజరు. వక్తగారు అర్థంకాని మాట వాడారంటే వెనకనుంచి "అట్టా కాదు, మళ్ళా చెప్పయ్యా" అని వినిపించేది. ప్రిన్సిపాల్ గారు కూడా ఆ కేకకి అలవాటుపడిపోయారు.

చీటీల పద్ధతి ఎత్తేయించింది నేనే. దాని బదులు హాలు గుమ్మం దగ్గర ఒక నోటు పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. వచ్చినవాళ్ళు సొంత గోడే చెప్పుకునేవాళ్ళు. పొలం గట్టు, పింఛను, అల్లుడి తాగుడు, మిల్లులో తెగిన వేలు. అంతా విని రాసుకుని, చివర్లో ఒక్కటే అడిగేదాన్ని, "జవాబు మీకు ఎప్పటిలోగా కావాలి?" అని. ఆ మాట అంతకుముందు వాళ్ళని ఎవరూ అడిగి ఉండరు. ఎల్లుండి అనేవాళ్ళు కొందరు, కోతలకి ముందు అనేవాళ్ళు కొందరు. ఒక ముసలాయన అయితే "నేను పోయేలోగా అమ్మా" అన్నాడు. ఆయన పేరు అన్నిటికంటే పైన రాసుకున్నాను. ఇది నేర్చుకునేసరికి నా రిటైర్మెంటుకి రెండేళ్ళే మిగిలింది. ముప్ఫై ఏళ్ళు జీతం తీసుకున్నాను గానీ, నేను ఉద్యోగం చేసింది ఆ రెండేళ్ళే.